ఏడో అధ్యాయం: అల చేసే పని

సముద్రపు నగ అనగానే మనకు తట్టేవి నాలుగే. గవ్వల దండ, నక్షత్రచేప లాకెట్, లంగరు బొమ్మ, నీలం రెజిన్‌లో కాస్త ఇసుక ముంచి ఆరబెట్టిన జూకాలు. విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం పరిచే బల్లల మీదా అవే, ఆన్‌లైన్ దుకాణాల్లోనూ అవే. వాటిలో సముద్రం నుంచి వచ్చిన వస్తువు ఉంటుంది గానీ, సముద్రాన్ని కాసేపు నిలబడి చూసిన కన్ను ఉండదు. కొనేవాళ్ళకు అది చాలు. చేయాలనుకునే మీకు చాలదు, ఎందుకంటే వాటిని మీకంటే చవగ్గా చేసేవాళ్ళు వేలమంది ఉన్నారు.

కాబట్టి ఈ అధ్యాయంలో ఒకే మాట పట్టుకుందాం. సముద్రం ఎలా ఉంటుందో చేయబోకండి, సముద్రం ఏం చేస్తుందో అది చేయండి. పదునుగా ఉన్నదాన్ని అరగదీస్తుంది. పొర మీద పొర పేరుస్తుంది. బరువునూ తేలికనూ విడదీస్తుంది. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కటి మీ చేతికి అబ్బినా, మీరు చేసిన నగలో చేప బొమ్మ లేకపోయినా చూసినవాళ్ళకు కడలి గుర్తొస్తుంది.

ఉదాహరణకి భీమిలికి పోదాం. పోటు తగ్గి నీళ్ళు వెనక్కి వెళ్ళాక తడి ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది దాన్ని మురికి అనుకుని దాటిపోతారు. అవి ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాల రేణువులు. వెనక్కి మళ్ళే అలకు తేలిక ఇసుకను ఈడ్చుకెళ్ళే బలమే ఉంటుంది. నల్ల రేణువులు ఉన్నచోటే మిగిలిపోతాయి. వంగి చూస్తే ఆ చారలు గీత గీసినట్టు సమాంతరంగా ఉండవు. దగ్గరకొస్తాయి, విడిపోతాయి. ఒక చిప్ప అడ్డొస్తే రెండుగా చీలి, దాని చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ కలుస్తాయి. అదిగో, లాకెట్ నమూనా దొరికింది. మూడు రాగి తీగలు కలిసి వచ్చి, మధ్యలో ఒక గాజు ముక్క చుట్టూ చీలి, కింద మళ్ళీ కలవాలి. అధ్యాయం చివర్లో మనం చేయబోయేది అదే.

(ఆ నల్ల ఇసుకనే చిన్న సీసాలో నింపి మెడలో వేసుకుంటే బాగుంటుందన్న ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. అందులో మోనజైట్ కూడా ఉంటుంది. దానిలోని థోరియం వల్ల కొంత రేడియోధార్మికత ఉంటుంది, దాని మీద అణుశక్తి శాఖ నియంత్రణా ఉంది. చూసి గీసుకోండి, ఇంటికి తేకండి.)

గీసుకోండి అని ఊరికే అనలేదు. బీచ్‌కి వెళ్ళేటప్పుడు ఫోను జేబులోనే ఉంచి, ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిలు తీసుకెళ్ళండి. ఫోటో ఎదురుగా ఉన్నదంతా పట్టేస్తుంది, అందుకే దానితో మనకు ఏదీ తెలియదు. పెన్సిలు పట్టుకున్నప్పుడు ఏ గీత ఉంచాలో ఏది వదలాలో మీరే తేల్చుకోక తప్పదు. నగకు కావలసిన తీర్పు కూడా సరిగ్గా అదే. నీడలు దిద్దకండి, రంగులు వేయకండి. తీగ వంచినట్టు గీత మాత్రమే గీయండి. బొమ్మలు బాగా రాకపోయినా ఫరవాలేదు. వాటిని చూసేది తీగే గానీ జనం కాదు.

నగల పని అంటే కుంపటి, మూస, ఊదుగొట్టం, పదేళ్ళ శిష్యరికం అని భయపడేవాళ్ళకు ఒక పేరు చెప్తాను. అలెగ్జాండర్ కాల్డర్ (1898-1976), అమెరికన్ శిల్పి. గాలికి కదిలే మొబైల్ శిల్పాలతో లోకమంతా ఎరిగిన మనిషి. ఆయన తన జీవితకాలంలో సుమారు 1800 నగలు చేశాడు. ఎక్కువగా ఇత్తడి తీగ, వెండి తీగ. సుత్తితో కొట్టి, వంచి, చుట్టి, మేకు దిగ్గొట్టి బిగించినవే తప్ప అతుకు పెట్టినవి తక్కువ. పగిలిన పింగాణీ పెంకులు, గాజు ముక్కలు, గులకరాళ్ళు వాటిలో పొదిగాడు. ఇంకో కొసన ఫ్రాన్సులో రెనే లాలిక్ ఉన్నాడు. 1900 ప్రాంతంలో వజ్రాలు పొదగాల్సిన చోట కొమ్మునీ గాజునీ ఎనామెల్‌నీ పెట్టి, ఆనాటి నగల లోకాన్నే మార్చేశాడు. లాలిక్ పనితనం మనకు అందేది కాదు. కాల్డర్ తీగ మాత్రం రేపు ఉదయం మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు ఏరుకోవడం గురించి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఒడ్డు మీదే.

చిప్ప చేతిలోకి తీసుకోగానే తిప్పి చూడండి. లోపల ప్రాణి ఉంటే దాన్ని నీళ్ళలో వదిలేయడం ఒక్కటే పని. కోను ఆకారంలో అందంగా ఉండే కొన్ని గవ్వల్లోని నత్త విషపు ముల్లుతో పొడుస్తుంది. కొన్ని జాతులు పొడిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. ఖాళీగా ఉన్న గుల్లలన్నీ మనవేననుకోవడమూ పొరపాటే. వాటిలో కాపురం పెట్టే పీతలు మన తీరమంతా ఉన్నాయి. నిండుగా, పగుళ్ళు లేకుండా ఉన్న గుల్లను వాటికి వదిలేసి, అరిగి చిల్లులు పడ్డ ముక్కలు మీరు తీసుకోండి. ఇందులో మీ త్యాగమేమీ లేదు. నగకు పనికొచ్చేది అరిగిన ముక్కే. నిండు గవ్వ ఎంత అందమైనదైనా అది అప్పటికే పూర్తయిన వస్తువు, మీరు దానికి చేర్చగలిగేది ఏమీ ఉండదు. సగం అరిగిన చిప్పలో లోపలి మెలిక, పొరల గీతలు, ముత్యపు మెరుపు బయటపడి ఉంటాయి. అక్కడ మీకు చోటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రులు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి కనుక ఆ కాలంలో చీకటి పడ్డాక టార్చి పట్టుకుని తిరగకండి.

చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి 2001లో సముద్ర జీవులు చాలా వచ్చాయి. దిబ్బలు కట్టే పగడాలు, సీ ఫ్యాన్లు, నీటిగుర్రాలు, పెద్ద ఆల్చిప్పల్లో కొన్ని జాతులు, నాటిలస్ గుల్ల, ఇంకా కొన్ని పెద్ద శంఖాలు. 2022 సవరణతో ఈ జాబితాలు మళ్ళీ మారాయి. చనిపోయి కొట్టుకొచ్చిందేనన్నది ఇక్కడ సమాధానం కాదు. పేరు తెలియని పెద్ద గుల్ల, కొమ్మలు కొమ్మలుగా ఉన్న తెల్లటి పగడపు ముక్క కనిపిస్తే ముట్టుకోకపోవడమే తేలిక. దుకాణాల్లో ఒకే సైజువి డజన్ల లెక్కన ఎండబెట్టి అమ్మే నక్షత్రచేపలు కూడా తమంతట తాము చచ్చి కొట్టుకొచ్చినవి కావు. కొనకండి.

మరి పగడమో అంటారు. నల్లపూసల మధ్య ఎర్రటి పగడం లేకుండా మన ఇళ్ళలో నగల పెట్టెలే ఉండవు. సాధారణంగా ఆ ఎర్ర పగడం మన సముద్రానిది కాదు. ఎక్కువ భాగం మధ్యధరా సముద్రంలో పెరుగుతుంది. ఇటలీలో నేపుల్స్ పక్కనున్న టొర్రె దెల్ గ్రెకో పట్టణం దాన్ని చెక్కే పనికి శతాబ్దాలుగా పేరు మోసింది. ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లావెక్కని జీవి అది. కొత్తది కొనేకంటే నానమ్మ తెగిన దండలోంచి నాలుగు పగడాలు అడిగి తీసుకోండి. నిజం చెప్పాలంటే మొదట ఆవిడ తిడుతుంది. ఇంకా తేలిక దారి ఏటికొప్పాక పూసలు. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రను చిత్రిక పట్టి, లక్కలో సహజమైన రంగులు కలిపి పూస్తారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పూసలు తేలిక, రంగు నెమ్మది, తెల్లని చిప్ప పక్కన బాగా కుదురుతాయి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం వదలకూడదు.

ఇక చిప్ప స్వభావం. దీన్ని అర్థం చేసుకున్నవాళ్ళ నగలు నిలుస్తాయి, కానివాళ్ళవి ఆరు నెలల్లో మసకబారతాయి. చిప్ప అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని కాల్చితే వచ్చేదే మన తాతలు తాంబూలంలో వేసుకున్న గుల్లసున్నం. అందుకే పులుపు దానికి శత్రువు. వెనిగర్‌లో వేస్తే బుడగలు వస్తాయి. ఆ బుడగలు శుభ్రపడుతున్న గుర్తు కాదు, చిప్ప కరిగిపోతున్న గుర్తు. ఇంట్లో రాగి చెంబుల్ని చింతపండుతో తోమే అలవాటుంటే, రాగి తీగ కట్టిన చిప్ప లాకెట్‌ను కూడా అదే చేత్తో తోమేస్తారు. తీగ తళతళలాడుతుంది, చిప్ప మెరుపు పోతుంది. చెమటలోనూ కాస్త పులుపు ఉంటుంది కనుక వాడాక మెత్తని తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గుడ్డ సంచిలో దాచాలి.

ఏరుకొచ్చిన చిప్పల్ని మంచినీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మారుస్తూ వాసన పోయేదాకా ఉంచండి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మొండి నాచుంటే బాగా పలుచన చేసిన బ్లీచింగ్ నీళ్ళలో కాసేపు పెట్టి, వెంటనే కడిగేయండి. ముత్యపు మెరుపున్న వాటికి అదీ వద్దు. బ్లీచింగ్‌నీ వెనిగర్‌నీ ఎప్పుడూ ఒకే గిన్నెలోకి తేకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఆ ముత్యపు మెరుపు రంగు వల్ల వచ్చేది కాదని తెలుసుకుంటే డిజైను మారిపోతుంది. చిప్ప లోపలి గోడ అరగొనైట్ అనే ఖనిజపు పలకల వరసలతో కట్టి ఉంటుంది. ఒక్కో పలక మందం అర మైక్రాన్ దగ్గర్లో, అంటే వెలుగు తరంగంతో పోల్చదగినంత. పొరల మధ్య పడిన వెలుగు చీలి, కలిసి, గులాబీగానూ ఆకుపచ్చగానూ తిరిగొస్తుంది. కాబట్టి అలాంటి ముక్కను బల్లపరుపుగా గుండెకు అతుక్కునేలా కట్టకండి. కొంచెం ఊగనివ్వండి. కోణం మారినప్పుడే అది మెరుస్తుంది.

రంధ్రం వేయడం కొత్తవాళ్ళకు భయం. బ్యాటరీతో నడిచే చిన్న చేతి డ్రిల్లు, ఒక మిల్లీమీటరు డైమండ్ బిట్టు చాలు. కరెంటు తీగ ఉన్న డ్రిల్లును నీళ్ళ దగ్గరికి తేవొద్దు. వెడల్పు పళ్ళెంలో తడి స్పాంజి పరిచి, చిప్పను దాని మీద పెట్టి, మొనకు తగిలేంత నీళ్ళు మాత్రమే పోయండి. అంచుకు కనీసం మూడు మిల్లీమీటర్లు లోపల గుర్తు పెట్టుకోండి. నొక్కకండి, బిట్టునే కోసుకోనివ్వండి, మాటిమాటికీ పైకెత్తండి. వేగం తక్కువే ఉండాలి. చిప్ప పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్ళు ఆ పొడిని పట్టేస్తాయి, అయినా ఎన్95 మాస్కు పెట్టుకోవాల్సిందే. పొడిగా ఉన్న చిప్పను ఇంట్లో ఎవరి మంచం పక్కనో రుద్దడం అసలు వద్దు.

రంధ్రం పడగానే పనైపోయిందని తీగ గుచ్చేస్తారు. అప్పుడే మొదలవుతుంది నగకు అసలు పరీక్ష. దక్షిణాఫ్రికాలో బ్లాంబోస్ అనే గుహ ఉంది. అక్కడ సుమారు 75,000 ఏళ్ళ నాటి బుల్లి నత్తగుల్లలు దొరికాయి, ఒక్కోదానికి ఒక చిల్లు. అవి పూసలేనని పరిశోధకులు నమ్మడానికి ఒక ముఖ్య కారణం ఆ చిల్లు అంచులు అరిగిన తీరు. దారం, పక్క గుల్ల, మనిషి ఒళ్ళు రాసుకుని రాసుకుని నునుపు తేలాయి. అంత పాత నగ కూడా రాపిడితోనే తన కథ చెప్పింది. మీ నగలోనూ రాపిడి తప్పదు కాబట్టి దాన్ని ముందే ఊహించి సిద్ధం చేయండి. నీళ్ళలో తడిపి వాడే నల్లటి వాటర్ పేపర్‌ను చుట్టలా చుట్టి రంధ్రం అంచును రెండు వైపులా నునుపు చేయండి. అంచు పదునుగా ఉంటే దారం తెగుతుంది, తీగ గట్టిదైతే చిప్పే పగులుతుంది. బయటి అంచులకు 400, 600, 1000 నంబరు కాగితాలు వరసగా వాడితే చాలు. అద్దంలా మెరిపించాలన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. అల ఇచ్చిన మసక తోలు మీ పాలిష్ కంటే మేలు.

గాజు సంగతి వేరు. సీసా పెంకు ఏళ్ళ తరబడి ఇసుకలో దొర్లి, నీళ్ళకు పైపొరలోని క్షారాలు కొన్ని కరిగిపోయి మంచు పట్టినట్టు మసకబారుతుంది. ఆకుపచ్చ, గోధుమ, తెలుపు దొరుకుతాయి, నీలం అరుదు. యాసిడ్‌లో ముంచి ఇదే రూపం తెప్పించి ప్యాకెట్లలో అమ్ముతారు. భూతద్దంతో చూడండి. ప్యాకెట్ గాజు అన్ని వైపులా ఒకేలా మసకగా ఉంటుంది. ఒడ్డున అరిగినదాని మీద సగం చంద్రుడిలాంటి చిన్న చిన్న దెబ్బలుంటాయి. కొన్నదైతే కొన్నదనే చెప్పండి, అంతే. కొట్టుకొచ్చిన కర్ర ముక్కలకైతే ఒక్క జాగ్రత్త. లోపల ఉప్పు ఉంటుంది. మంచినీళ్ళలో నానబెట్టి తీయకపోతే ఆ ఉప్పే మీ తీగను తినేస్తుంది.

లాకెట్‌కి వద్దాం. కావలసినవి మూడు సెంటీమీటర్ల గాజు ముక్క, 20 గేజి రాగి తీగ (0.8 మిల్లీమీటర్లు), కట్టడానికి 26 గేజి సన్న తీగ (0.4), ఒక గుండ్రటి ముక్కు ప్లయరు, ఒక చదును ప్లయరు, కత్తెర, ఆకురాయి, చిన్న సుత్తి, దాకలి లేకపోతే దళసరి ఇనుప ముక్క.

లావు తీగవి ఇరవై సెంటీమీటర్ల ముక్కలు మూడు పక్కపక్కన పెట్టి, పై నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గర సన్న తీగతో ఐదారు చుట్లు బిగించండి. పైన మధ్య తీగను గుండ్రటి ప్లయరుతో కొంకీలా వంచితే గొలుసు దూరే కన్ను అవుతుంది. దాని కొసను ఆ కట్టు చుట్టూనే తిప్పి మూసేయండి. కింద పక్క తీగలు రెంటినీ గాజు అంచుల వెంట వంచాలి. గాజు ఎక్కడ లోపలికి వంగితే తీగా అక్కడ వంగాలి. సొంత వంపులు కల్పించకండి. మధ్య తీగ గాజు వెనక నుంచి వస్తుంది. కింద మూడూ కలిసిన చోట మళ్ళీ సన్న తీగ కట్టు.

ఇప్పుడు గాజు వెనక్కి పోదు గానీ ముందుకు జారుతుంది. వెనక నుంచి వచ్చిన మధ్య తీగ కొసను కింది నుంచి ముందుకు మళ్ళించి, గాజు మీదకు ఎక్కించి, చిన్న మెలిక తిప్పండి. పైన మిగిలిన రెండు కొసల్లో ఒకదాన్ని పై నుంచి అలాగే ముందుకు దించండి. పడినా పగలకుండా దిండుకు పైన పట్టుకుని ఊపి చూడండి. గలగలమంటే వెనక తీగను ప్లయరుతో పట్టి చిన్న వంకర తిప్పండి. ఆ వంకర తీగ పొడవును లాగేసి గాజును బిగిస్తుంది. తీగపని తెలిసినవాళ్ళు తరచూ వాడే ఉపాయమిది.

వంచే ముందే కొసల్ని సుత్తితో కొట్టి చదును చేసి ఉంటే ఇంకా బాగుంటుంది. కొట్టిన రాగి గట్టిపడుతుంది, పట్టు వదలదు. మరీ గట్టిపడితే మంట మీద మసక ఎరుపు తేలేదాకా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఇది గాజు పెట్టకముందు చేసే పని. చివరగా అన్ని కొసల్నీ ఆకురాయితో నున్నగా రుద్ది, పాత షిఫాన్ చున్నీ మీద ఆ లాకెట్‌ను ఈడ్చండి. ఒక్క పోగు లేచినా మళ్ళీ ఆకురాయి పట్టండి. పట్టుచీర పోగు లాగిన నగను ఏ ఆడమనిషీ రెండోసారి వేసుకోదు, ఎంత కళాఖండమైనా.

నల్ల ఇసుక చారల గుర్తు కోసం తీగను నల్లబరచడానికి గుడ్డు ఉడకబెట్టండి. వేడి గుడ్డును చిదిపి, లాకెట్‌ను దానికి తగలకుండా పక్కన పెట్టి, డబ్బా మూత బిగించండి. గుడ్డు నుంచి వచ్చే గంధకపు వాయువు కొన్ని గంటల్లో రాగిని నల్లగా మారుస్తుంది. తర్వాత సన్నటి కాగితంతో పైపైన రుద్దితే ఎత్తు మీద రాగి బయటపడి, పల్లంలో నలుపు మిగులుతుంది. ఇంట్లో ఎవరూ ఆ గుడ్డు తినకుండా చూసుకోండి.

చెవులకు చేసేటప్పుడు లెక్క మారుతుంది. నా మట్టుకు ఒక్కో చెవికి ఎనిమిది గ్రాములు దాటనివ్వను. వంటింటి డిజిటల్ తూకం ఉంటే చాలు. చెవిలో గుచ్చే కొంకీకి రాగి వద్దు. 925 వెండో టైటానియమో వాడండి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింక్ మిశ్రమం. నికెల్ పడని చర్మాలు చాలా ఉన్నాయి. అది గొలుసు పతకానికి సరేగానీ చెవి రంధ్రానికి కాదు.

ధర దగ్గర మొహమాటపడకండి. తీగకు అయిన డబ్బు, చేసేటప్పుడు పగిలిన వాటి ఖర్చు, మీరు కూర్చున్న గంటలకు మీ ఊళ్ళో ఒక పనిమంతుడికిచ్చే కూలి, ఇవన్నీ కలిపితే వచ్చేదే అడుగు ధర. గాజు ఊరికే దొరికిందన్న మాట కొనేవాళ్ళు అంటారు. ఏరిన పూట మీ కూలి కూడా అందులో ఉందని మీకు తెలిస్తే చాలు.

నగతో పాటు ఒక చిన్న కార్డు ఇవ్వండి. ఏ వస్తువు, ఎక్కడ దొరికింది, ఏ లోహం, ఎలా తుడవాలి. ఈ లాకెట్‌కు ఇలా రాయొచ్చు: "భీమిలి ఒడ్డున అరిగిన సీసా గాజు, నల్లబరచిన రాగి తీగ. స్నానానికి ముందు తీసేయండి. చింతపండుతో తోమితే గాజుకేమీ కాదు గానీ నలుపు పోతుంది." చిప్ప ఉన్న నగలకు విడిగా ఇంకో కార్డు అచ్చు వేయించి, చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, సెంటు తగలనివ్వొద్దని పెద్దక్షరాల్లో పెట్టండి. రెండు రకాల కార్డులకూ వేరు వేరు రంగు కాగితం వాడితే ప్యాక్ చేసే తొందరలో ఒకటి బదులు ఒకటి వెళ్ళవు.